బల్ల ఆదివారం

మా నాయనమ్మ బైబిలు స్త్రీ. ఒంగోలు చుట్టుపక్కల పాత బాప్తిస్టు కుటుంబాల వాళ్లకు ఈ ఒక్క మాట చాలు. తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. మిషను వాళ్లు కొంతమంది ఆడవాళ్లకు అక్షరాలూ వాక్యమూ నేర్పించి, చేతికొక బైబిలు, భుజానికొక గుడ్డసంచి ఇచ్చి ఊళ్ల మీదికి పంపేవాళ్లు. మగ బోధకులు అడుగుపెట్టలేని వంటింటి గడప దాకా, పురిటి మంచం దాకా వెళ్లడం వీళ్ల పని. జీతం నామమాత్రం. నాకు ఊహ తెలిసేసరికి నాయనమ్మకు ఆ జీతం కూడా ఆగిపోయింది. అయినా తిరగడం మానలేదు. తెల్లచీర, నూనె రాసి బిగించిన ముడి, అట్ట ఊడిపోతే తనే గుడ్డ కుట్టుకున్న బైబిలు, ఎండకీ వానకీ ఒకటే నల్లగొడుగు. చదివేటప్పుడు వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కునేది. అంత నిదానంగా చదవడం వల్లనేమో, చదివింది ఒక్కటీ మర్చిపోయేది కాదు.

ఇప్పుడు ఫోను తెరిస్తే కనికరం మీద, దీనమనస్సు మీద రోజుకో ప్రసంగం వస్తోంది. "మీరు తీర్పు తీర్చకుడి" అనే వచనాన్ని పూల బొమ్మ మీద రాసి పొద్దున్నే ఎవరో ఒకరు పంపిస్తారు. ఆ వచనం చూడగానే నాకు నాయనమ్మ గుర్తొస్తుంది. ఆమె ఆ వచనం ఎత్తి ఎవరికీ బోధించగా నేను వినలేదు. ఆమె చేసింది చూశాను. అది ఎక్కడో ఒకచోట రాసి పెట్టాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

మాది గుండ్లకమ్మకు దగ్గర ఊరు. ఊరు వేరు, మా మాదిగపల్లె వేరు. మధ్యలో పొగాకు చేలు, పొగాకు కాల్చే బ్యారన్ ఒకటి, చెరువుకట్ట. పల్లెలో అందరం తాతముత్తాతల నాటి నుంచి క్రైస్తవులమే. అది ఎట్లా మొదలైందో ఆదివారం బడిలో మాకు కథలాగా చెప్పేవాళ్లు. అమెరికన్ బాప్తిస్టు మిషనరీ క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చాడు. మొదట్లో పెద్దకులాల పిల్లలు ఆయన బడికి వచ్చేవాళ్లు. తోళ్ల వ్యాపారం చేసే ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకుని, ఆయన వెనకాల మావాళ్లు రావడం మొదలయ్యాక, వీళ్లను చేర్చుకుంటే మేం రామని ఊళ్లోవాళ్లు అన్నారు. దొరకు ఏం చేయాలో తోచలేదు. ఆయన ఒక గదిలో, దొరసాని ఇంకో గదిలో విడివిడిగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ మొదటి కొరింథీ పత్రికలో ఒకటే చోటు వచ్చిందట. లోకం నీచంగా చూసేవాళ్లనూ బలహీనులనూ దేవుడు ఏర్పరచుకున్నాడని పౌలు రాసిన చోటు అది. దొర తన జ్ఞాపకాల్లో స్వయంగా చెప్పుకున్న సంగతే ఇది. ఇది చెప్పేటప్పుడు మా ఆదివారం బడి టీచరమ్మకు ప్రతిసారీ గొంతు పూడుకుపోయేది.

ఆ తర్వాత ధాత కరువు. 1876 నుంచి 1878 దాకా మా ప్రాంతాన్ని ఊడ్చేసిన కరువు. దొర అమెరికాలో ఉండగా సర్వే పని నేర్చుకున్న మనిషి. బకింగ్‌హాం కాలువలో సుమారు 3.5 మైళ్ల ముక్క కాంట్రాక్టు తీసుకుని వేలమందికి తవ్వకం పని ఇప్పించాడు. గంపలు దించి కూర్చున్నప్పుడు బోధకులు వాక్యం చెప్పేవాళ్లు. విన్నవాళ్లు బాప్తిస్మం అడిగారు. దొర ఇవ్వలేదు. కూటి కోసం అడుగుతున్నారేమోనని ఆయన అనుమానం. ఏడాదికి పైగా అట్లా ఆపేశాడు. 1878లో పనులు అయిపోయి, ఇక ఇవ్వడానికి నా దగ్గర డబ్బు లేదు, రావద్దు అని కబురు పెట్టినా జనం ఆగలేదు. జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఇచ్చింది మన తెలుగు బోధకులే, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని, మధ్యాహ్నం కాసేపు ఆగి, మళ్లీ పొద్దుపోయేదాకా.

మా నాయనమ్మ వాళ్ల అమ్మమ్మ ఆ నీళ్లలో దిగినవాళ్లలో ఒకతె అని ఇంట్లో చెప్పుకునేవాళ్లం. గర్వంగానే చెప్పుకునేవాళ్లం. కానీ "కూటికి మతం మారినోళ్లు" అనే మాట నూరేళ్లయినా మమ్మల్ని వదల్లేదు. నేను హైస్కూల్లో ఆ మాట పడి ఇంటికొచ్చి ఏడ్చాను. నాయనమ్మ చేట పక్కన పెట్టి నన్ను దగ్గరికి లాక్కుంది.

"ఆకలేసి పోతే మాత్రం ఏందిరా అబ్బయ్యా? తప్పిపోయిన కొడుకు తండ్రి దగ్గరికి ఎందుకొచ్చాడు? ప్రేమ పొంగుకొచ్చా? ఆకలేసే గదా! పందులకేసే పొట్టు కూడా దొరక్కనే గదా లేచొచ్చింది. తండ్రి అడిగాడా, ఎందుకొచ్చావురా అని?"

లూకా 15వ అధ్యాయం మీద ఆ తర్వాత నేను పెద్ద పెద్ద పండితుల ప్రసంగాలు విన్నాను. ఈ మాట దగ్గరికి వచ్చినవి తక్కువ.

ఊళ్లో ఇళ్లకు కూడా ఆమె వెళ్లేది. పసిపిల్లలకు జబ్బు చేస్తేనో, కాన్పు కష్టమై ఒంగోలు క్లౌ ఆస్పత్రికి తీసుకుపోవాల్సి వస్తేనో ఆమెకు కబురొచ్చేది. గొడ్లసావిట్లో నిలబెట్టి మాట్లాడేవాళ్లు. వేసవిలో అయితే మజ్జిగ ఇస్తామనేవాళ్లు. చెంబు తాకనివ్వకుండా పైనుంచి దోసిట్లోకి పోసే మజ్జిగ. నాయనమ్మ ఎన్నడూ తాగలేదు. "దాహంగా లేదమ్మా" అని నిటారుగా నిలబడి చెప్పి, పిల్లాడికి ప్రార్థన చేసి వచ్చేది. దారిలో చెరువు దగ్గర ఆగి కడుపునిండా నీళ్లు తాగేది. అదే మనిషి మా పల్లెలో కుష్టు వచ్చి కొట్టంలో వేరుగా ఉంటున్న ముసలాయన దగ్గర మట్టినేల మీద బాసింపట్టు వేసుక్కూర్చుని పుండ్లు కడిగేది. మన సంఘాల్లో దీనమనస్సు అనగానే తలొంచుకుని పడి ఉండమని అర్థం చెప్తారు. ముఖ్యంగా ఆడవాళ్లకూ, మా పల్లెల వాళ్లకూ. నాకు ఆ బోధ ఎప్పుడూ మింగుడుపడదు. నేను చూసిన దీనురాలు ఎవరి ముందు నిలబడాలో, ఎవరి పక్కన కూర్చోవాలో తెలిసిన మనిషి.

ఇక మా గుడి సంగతి. రాతిగోడలు, పైన బెంగుళూరు పెంకు, లోపల చాపలు. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క. రాసిపెట్టిన నియమం ఏమీ లేకపోయినా ముందు చాపలు కొందరివి, వెనక చాపలు కొందరివి. టీచర్లు, నర్సులు, రైల్వే ఉద్యోగాల వాళ్ల కుటుంబాలు ముందు. బ్యారన్లలో పనిచేసేవాళ్లు, అప్పుల్లో ఉన్నవాళ్లు, ఏదో ఒక కారణాన నలుగురి నోళ్లలో పడ్డవాళ్లు వెనక. ఒకప్పుడు మొత్తంగా ఊరి వెనక ఉన్నవాళ్లమే, మాలో మళ్లీ వెనక చాప వచ్చింది.

నెలలో మొదటి ఆదివారం బల్ల, అంటే ప్రభువు కడరాత్రి భోజనాన్ని తలుచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం. శనివారం సాయంత్రం పెద్దలు ఎండుద్రాక్ష నానబెట్టి, మరిగించి, పిసికి వడకట్టేవాళ్లు. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. ఒంగోలు నుంచి తెచ్చిన రొట్టెను సన్నగా కోసి, ఇస్త్రీ చేసిన తెల్లగుడ్డ కప్పేవాళ్లు. పిల్లలం దూరంగా కూర్చుని ఆ గుడ్డ వైపే చూస్తుండేవాళ్లం. మూడు నెలలకోసారి మాత్రం బల్లకు ముందు ఒక కాగితం చదివేవాళ్లు. సంఘ క్రమశిక్షణ కింద బల్ల ఆపిన వాళ్ల పేర్లు అవి. సారా తాగినవాళ్లు, రెండో పెళ్లి చేసుకున్నవాళ్లు, తిరునాళ్లకు పోయినవాళ్లు, ఊరి కొలుపుల్లో డప్పు కొట్టినవాళ్లు. పేరు చదివినప్పుడు ఆ మనిషి గుడిలోనే ఉంటే తల దించుకునేవాడు, మిగతావాళ్ల తలలు అటు తిరిగేవి. చాలామంది ఆ వారం నుంచే గుడికి రావడం మానేసేవాళ్లు.

డప్పు సంగతి కొంచెం చెప్పాలి. మొదటి తరం క్రైస్తవులు కొలుపుల్లో డప్పు కొట్టమని తెగేసి చెప్పి దెబ్బలు తిన్నారు, పనులు పోగొట్టుకున్నారు. కాబట్టి మా పెద్దలకు అది మామూలు విషయం కాదు, తాతలు రక్తం కార్చి నిలబెట్టిన మాట. నేను చిన్నగా ఉన్నప్పుడు మాకు వరసకు మామ అయ్యే ఒకాయన కొలుపులో డప్పు కొట్టాడు. కొట్టకపోతే ఆ యేడు పొలం పని ఇవ్వమని రైతు చెప్పాడు. ఇంట్లో నలుగురు పిల్లలు. మామ పేరు కాగితంలో వచ్చింది. క్రిస్మస్ రాత్రి క్యారల్స్‌కు తాళం ఎత్తేది ఆయనే, మా గుడిలో అంత గొంతు మళ్లీ వినలేదు. ఆ ఆదివారం సాయంత్రం నాయనమ్మ నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి పోయింది. ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. గుమ్మంలో కూర్చుని, "ఏమే అమ్మాయ్, అన్నం ఏమన్నా ఉందా? ఆకలిగా ఉంది" అని అత్తను అడిగింది. మేము ఇంట్లో తినే బయల్దేరామని నాకు తెలుసు. అత్త కంగారుపడి జొన్నన్నం, గోంగూర పచ్చడి పెట్టింది. నాయనమ్మ రెండోసారి అడిగి పెట్టించుకుంది. ఆ పూట ఎవరైనా తమ ఇంట్లో చెయ్యి కడగడం వాళ్లకు ఎంత అవసరమో ఆమెకు తెలుసు. మామ మళ్లీ గుడికి వచ్చాడు, అయితే తాళం పట్టుకోవడానికి చాలాకాలం ఒప్పుకోలేదు.

ఇంకో అలవాటు కూడా ఉండేది ఆమెకు. గురువారం ఇంటి ప్రార్థనల్లో కొందరు ప్రార్థనలో పేర్లు ఎత్తేవాళ్లు. "ప్రభువా, త్రాగుడులో పడి భార్యాపిల్లలను హింసించుచున్న ఫలానా సహోదరుని జ్ఞాపకము చేసుకొనుము" అని. కళ్లు మూసుకున్న అందరికీ ఆ వారం ఎవరింట్లో ఏం జరిగిందో తెలిసిపోయేది. నాయనమ్మ ఒకసారి ఆమెన్ అన్నాక మెల్లగా అంది, "పేరు ఆయనకు తెలుసు గదమ్మా, మనకెందుకు చెప్పటం?" అని. దాని తర్వాత ఆమె ఉన్న కూడికలో ఎవరూ పేరెత్తలేదు. ఆమె లేని కూడికల సంగతి నేను చెప్పలేను.

ఇప్పుడు అసలు సంగతి.

1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు కానివాళ్లు ఎస్సీలు కారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు. క్రైస్తవులు ఇప్పటికీ బయటే. మన రాష్ట్రంలో 1970లో బీసీ జాబితా వచ్చినప్పుడు ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లను బీసీ-సి అని వేరే గుంపుగా పెట్టి 1 శాతం ఇచ్చారు. మతం మారితే కులం పోతుందని కాగితం అంది. మా పల్లెకు సంబంధించినంతవరకు ఏ బావి దగ్గరా, ఏ హోటల్ దగ్గరా అది పోలేదు. అందుకని ఇంటింటా రెండు పేర్లు ఉండేవి. గుడిలో ఒక పేరు, ఎస్సీ సర్టిఫికెట్ కోసం బడి రిజిస్టర్లో ఇంకో పేరు. ఈ సంగతి ప్రకాశం జిల్లాలో, గుంటూరు జిల్లాలో తెలియని క్రైస్తవ కుటుంబం ఉండదు. ఎవరూ పైకి మాట్లాడరు.

మా వీధిలో ఒక పెద్దమ్మ ఉండేది. భర్త పోయాడు. బ్యారన్లో పొగాకు గ్రేడింగ్ పనికి పోయి ఒక్కగానొక్క కొడుకును చదివించింది. ఆ అన్న బాగా చదివాడు. ఎస్సీ సర్టిఫికెట్ మీద ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమస్తా ఉద్యోగం వచ్చింది. పల్లెలో అందరికీ సంతోషమే. ఆ సంతోషం నెల తిరక్కుండానే విషయం పెద్దల మీటింగుకు వచ్చింది. తాసిల్దారు ఎదుట హిందువునని చెప్పుకున్నాడు, అంటే మనుషుల ఎదుట ప్రభువును ఎరగనన్నట్టే కదా అని. కాగితం మీద తల్లి కూడా వేలిముద్ర వేసింది కాబట్టి తల్లీకొడుకులిద్దరికీ బల్ల ఆపాలని తీర్మానం.

ఆ మాట లేవనెత్తింది మా మాస్టారు. ఆయన గురించి న్యాయంగా చెప్పాలి. ఆయన తన కాగితాలన్నిటిలోనూ క్రైస్తవుడినని రాసుకున్న మనిషి. దానివల్ల స్కాలర్‌షిప్ పోయింది, ఉద్యోగం రావడానికి ఏళ్లు పట్టింది, ఆయన పిల్లలు కూడా నష్టపోయారు. అబద్ధం ఆడకూడదు అంటే ఆయనకు అది గోడమీద రాసుకునే మాట కాదు, ఇంటిల్లిపాదీ ఖరీదు కట్టిన మాట. ఆయన వాదన తప్పని నేను ఇప్పటికీ అనలేను. చట్టం చేసిన అన్యాయానికి ఒకరు ఒక రకంగా, ఇంకొకరు ఇంకో రకంగా బదులిచ్చారు. ఇద్దరి ఇళ్లలోనూ దాని మూలంగా కన్నీళ్లే. నా బాధల్లా ఒక్కటే, ఆ లెక్క తేల్చడానికి మావాళ్లు ఎంచుకున్న చోటు ప్రభువు బల్ల.

ఆ ఆదివారం కాగితం చదివారు. పెద్దమ్మ మామూలుగా మధ్యలో కూర్చునేది, ఆ రోజు ముందే తెలిసిందేమో గోడ పక్కన చివరి చాప మీద కూర్చుంది. కొడుకు రాలేదు. తెల్లగుడ్డ తీశారు. పాట అందుకున్నారు. అప్పుడు ముందు చాప మీద నుంచి మా నాయనమ్మ లేచింది. బైబిలు చంకలో పెట్టుకుని, ఆడవాళ్ల మధ్యలోంచి దారి చేసుకుంటూ వెనక్కి పోయి పెద్దమ్మ పక్కన కూర్చుంది. మోకాళ్ల నొప్పులతో ఆమె కూర్చోవడానికి కాస్త సమయం పట్టింది, అంతసేపూ గుడి మొత్తం చూస్తూనే ఉంది. పళ్లెం వెనకదాకా వచ్చింది. పట్టుకొచ్చిన సంఘపెద్ద, పెద్దమ్మను దాటేసి నాయనమ్మ ముందు వంగాడు. "నాకు ఈ నెల వద్దులే నాయనా" అంది. ఆయన నిలబడిపోయాడు. మళ్లీ చెప్పింది, గొంతు పెంచకుండా. ఆయన ముందుకు పోయాడు.

పై నెలా అంతే. ఆ పై నెలా అంతే. జీవితమంతా వాక్యం మోసిన మనిషి బల్ల తీసుకోవడం లేదని చుట్టుపక్కల సంఘాల్లో కూడా పాకింది. ఇంట్లో టెన్షన్ మొదలైంది. మా నాన్నకు ఒళ్లుమండి ఒకరోజు అన్నం దగ్గర మాస్టార్ని పరిసయ్యుడు అన్నాడు. యేసు చెప్పిన కథలో, పక్కనున్న సుంకరిలాంటి పాపిని కానందుకు స్తోత్రం అని గుడిలో ప్రార్థించినవాడు పరిసయ్యుడు, తన పాపానికి రొమ్ము కొట్టుకున్నవాడు సుంకరి. నాయనమ్మకు అంత కోపం రావడం నేను ముందెన్నడూ చూడలేదు.

"నోరు మూసుకోరా. ఆ సుంకరి గుళ్లో రొమ్ము కొట్టుకుని ఇంటికి పోయాక, 'ప్రభువా, నేను ఆ పరిసయ్యుడిలాగా లేను, సోత్రం' అనుకున్నాడనుకో, ఏమైంది ఇంక? వాడూ వీడూ ఒకటే గదా! మాస్టారు ఆకలికి ఓర్చుకున్నాడురా. నువ్వు ఓర్చుకున్నావా?"

ఈ మాట గురించి నేను చాలా ఆలోచించాను. తీర్పు తీర్చేవాళ్ల మీద తీర్పు తీర్చడం ఎంత సులువో, అందులో ఎంత సుఖం ఉందో అందరికీ అనుభవమే. వెనక చాప మీద కూర్చున్నంత మాత్రాన ముందు చాప వాళ్లను తక్కువ చేసే హక్కు తనకు రాదని ఆమె నమ్మింది. కనికరం అంతా మన పక్షంవాళ్ల కోసం ఖర్చుపెట్టి, ఎదుటి పక్షానికి వచ్చేసరికి చేట ఎత్తి చెరగడం మొదలుపెట్టేవాళ్లం మనం. ఆమె చేతిలో ఆ చేట ఎవరి కోసమూ లేవలేదు.

అయ్యగారు, అంటే మా పాస్టరు, ఇంటికి వచ్చారు. చిన్నవాడు, సెమినరీ నుంచి వచ్చి రెండేళ్లు కూడా కాలేదు. నాయనమ్మ మంచం మీద దుప్పటి వేసి కూర్చోబెట్టి టీ పెట్టింది. నేను మంచం కోడు పట్టుకుని నిలబడి విన్నాను.

"అమ్మా, మీరే ఇట్లా చేస్తే సంఘానికి నేనేం చెప్పను?"

"నేనేం చేశానయ్యగారూ? ఆ బిడ్డ ఒక్కతే కూర్చుంటే పక్కన కూర్చున్నా."

"తప్పు తప్పే కదమ్మా. అయోగ్యంగా తీసుకోకూడదని పౌలు రాశాడు."

"రాశాడు. ఎవరికి వాళ్లు పరీక్షించుకుని తీసుకోమని కూడా అక్కడే రాశాడు. ఆమెను పరీక్షించే పని మనకు పెట్టలేదు." కాసేపాగి అంది, "ప్రభువు ఆ బల్ల పెట్టిన రాత్రి యూదా కూడా ఉన్నాడు గదయ్యా. తనను అమ్మేశాడని ప్రభువుకు తెలుసు. తెలిసే కాళ్లు కడిగాడు. తెలిసే ముక్క ముంచి చేతికిచ్చాడు. యూదాకే పెట్టిన బల్ల, ఈ పిల్లకు వద్దనటానికి మనమెవరం?"

"సంఘ తీర్మానం అమ్మా, నా చేతుల్లో ఏం లేదు."

"పళ్లెం మీ చేతుల్లోనే ఉంది గదయ్యా."

అయ్యగారు టీ తాగి, ప్రార్థన చేసి వెళ్లిపోయారు. ప్రార్థనలో ఎవరి పేరూ చెప్పలేదు.

జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు ప్రార్థన కొండ మీదికి వెళ్లడం మా ఇంట్లో ఆనవాయితీ. 1854లో, క్లౌ దొర కంటే ముందు వచ్చిన మిషనరీలు జ్యూయెట్ దొర దంపతులు, మరి కొద్దిమంది తెలుగువాళ్లు నూతన సంవత్సరం ఉదయాన ఆ కొండెక్కి ఒంగోలుకు ఒక మిషనరీని పంపమని ప్రార్థించారు. అప్పటికి తెలుగుదేశంలో ఈ మిషను మూసేద్దామా అని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది. ఆ యేడు నాయనమ్మ పెద్దమ్మనూ తీసుకొచ్చింది, మాస్టారు కుటుంబాన్నీ రమ్మని పిలిచింది. చీకట్లో గుడ్డిదీపం పట్టుకుని ఎక్కాం. పైన చలిగాలి. ప్రతి యేడూ ప్రార్థన చేసేది నాయనమ్మే. ఆ రోజు మాత్రం, "మాస్టారూ, మీరు చెయ్యండి, మీ నోటెంట విందాం" అంది. మాస్టారు ఒప్పుకున్నారు కానీ, మొదలుపెట్టడానికి చాలాసేపు పట్టింది. ఆయన ఎప్పుడూ ధారాళంగా ప్రార్థించే మనిషి. ఆ రోజు ప్రభువు నేర్పిన ప్రార్థన ఒక్కటే చెప్పి ఆపేశారు. "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" దగ్గర ఆయన గొంతు నిలవలేదని మా అమ్మ అంటుంది. చలికి వణికారని మా నాన్న అనేవాడు. నాకు సరిగా గుర్తులేదు.

ఆ తర్వాత పెద్దల మీటింగులో ఏం జరిగిందో పిల్లలకు ఎవరు చెప్తారు? ఫలితం మాత్రం చూశాం. మూడు నెలల కాగితం చదవడం ఆగిపోయింది. ఎవరిదైనా తప్పుంటే అయ్యగారే సాయంత్రం పూట వాళ్లింటికి వెళ్లి మాట్లాడడం మొదలైంది. పెద్దమ్మ మళ్లీ బల్ల తీసుకుంది, నాయనమ్మా తీసుకుంది, ఆ వెనక చాప మీదే. మాస్టారు అభిప్రాయం మారలేదు. సర్టిఫికెట్ విషయం వస్తే చనిపోయేదాకా అదే గట్టిగా చెప్పేవారు. బల్ల దగ్గర మాత్రం మళ్లీ ఎవరికీ అడ్డు చెప్పలేదు.

నాయనమ్మ పోయి చాలా ఏళ్లయింది. ముందు చాప మీదికి ఆమె తిరిగి రాలేదు, చివరిదాకా వెనకే కూర్చుంది. చాపలు పోయి ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. కాగితం చదవడం గుడిలో ఆగింది కానీ ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. ఏ సంఘం వాళ్లు అసలైన విశ్వాసులు, ఏ పాస్టరు దొంగ, ఎవరి కూతురు ఎవర్ని పెళ్లి చేసుకుంది, గాజులు వేసుకునే స్త్రీ పరలోకం చేరుతుందా లేదా, అన్నిటికీ గ్రూపుల్లో తీర్పులు వస్తూనే ఉంటాయి. చదువుతుంటే నాకు నిజంగా దుఃఖం వస్తుంది. ఎస్సీ హోదా కేసులు 2004 నుంచి సుప్రీంకోర్టులో నడుస్తున్నాయి, 2022లో కేంద్రం ఒక కమిషన్ కూడా వేసింది. మా పల్లెల్లో రెండు పేర్ల బతుకు ఇంకా అట్లాగే ఉంది, ఆ పిల్లల్ని వేలెత్తి చూపించేవాళ్లూ ఉన్నారు.

ఉద్యోగం వచ్చిన ఆ అన్న రిటైరై ఇప్పుడు ఒంగోల్లోనే ఉంటున్నాడు. ఈమధ్య ఒక పెళ్లిలో కలిస్తే పక్కపక్కన కూర్చుని భోజనం చేశాం. మాటల్లో ఆ నెలల ప్రస్తావన వచ్చింది. వెనక చాప మీద కూర్చుని మా నాయనమ్మ వాళ్లమ్మ చెవిలో ఏదో చెప్తూ ఉండేది, దూరం నుంచి మాకు వినపడేది కాదు. ఏ వచనం చెప్పి ధైర్యపరిచేదో అని నాకు ఎప్పటినుంచో ఒక కుతూహలం. అదే అడిగాను.

"నేనూ అడిగానురా మా అమ్మని," అన్నాడు అన్న. "మొదటి వారం మిరపనారు పోశావా అని అడిగిందంట. అమ్మ ఏడుస్తానే ఇంకా పోయలేదత్తా అందంట. దిబ్బమట్టి కలిపి పోయి, నీళ్లు తక్కువ పెట్టు అని చెప్పిందంట. తర్వాత నెల, నారు ఎట్టా వచ్చిందని అడిగిందంట."